ఆవర్జా యంత్రమునకు అప్పగించుటకు ముందు

మన సంఘ కార్యవర్గము గతమాసపు సమావేశమున, సభ్యుల పట్టికను, చందా లెక్కలను, సంక్షేమనిధి పద్దులను వచ్చు లెక్కల సంవత్సరమునుండి కంప్యూటరులోనికి మార్చవలెనని తీర్మానించినది. ఆ తీర్మానము ఈ పత్రికలో ప్రకటింపబడిన నాటినుండి మాకు ఉత్తరములు వచ్చుచునే యున్నవి. బళ్లారినుండి వ్రాసిన వృద్ధసభ్యులొకరు, నలువది యేండ్లుగా చేతివ్రాత పుస్తకములతో ఒక్క పైసకైన తేడారాని సంఘమునకు ఇప్పుడీ యంత్రమేల యని ప్రశ్నించినారు. షోలాపురమునుండి వ్రాసిన యువకులొకరు, ఇంతకాలము ఊరకుండుటయే సిగ్గుపడవలసిన విషయమని మమ్ము మందలించినారు. ఇరువురి యుత్తరములందును కొంత నిజమున్నది. కాని పైసకైన తేడా రాలేదనుట మాత్రము నిజము కాదు. తేడాలు వచ్చినవి, వచ్చినపుడు వానిని వెదకి పట్టుకొన్నారు, అంతియే. ఆ వెదకుట యెట్టిదో యెరిగినవారికి ఈ తీర్మానమునందు ఆక్షేపింపదగిన దేమియు కానరాదు.

మన కార్యాలయమున లెక్కల గుమాస్తా పని యెట్లు జరుగుచున్నదో చాలమంది సభ్యులకు తెలియదు. రశీదు పుస్తకమునుండి చిట్టాలోనికి, చిట్టానుండి ఆవర్జాలోనికి, ఆవర్జానుండి సభ్యుని ఖాతా కార్డులోనికి, అచటినుండి సంవత్సరాంతపు పట్టికలోనికి ఒకే మొత్తము నాలుగు పర్యాయములు ఎత్తివ్రాయబడుచున్నది. వ్రాసిన ప్రతిసారియు తప్పునకు చోటున్నది. 540 అని వ్రాయవలసినచోట 450 అని వ్రాయుట అలసిన చేతికి సహజము. మార్చి 31వ తేది దాటిన పిమ్మట ఉభయపక్షముల మొత్తములు కలియక 90 రూపాయలు తేడా వచ్చినయెడల, అనుభవజ్ఞుడైన గుమాస్తా ఆ తేడాను తొమ్మిదిచే భాగించి చూచును. శేషము లేకుండ భాగింపబడినచో, ఎచటనో రెండంకెలు తారుమారైనవని అనుమానించి అట్టి పద్దులను వెదకును. అందు దొరకనిచో తేడాలో సగము పుచ్చుకొని, ఆ మొత్తము జమలో పడవలసినది ఖర్చులో పడినదేమో యని చూచును. ఇవి బడిలో నేర్పు విద్యలు కావు. ఒక గుమాస్తానుండి మరియొక గుమాస్తాకు సంక్రమించిన కిటుకులు. ఈ కిటుకులకు మేము నమస్కరింతుము. కాని వీనిని ప్రయోగించుటలో ఏటేట ఏప్రిలు నెలలో మూడు వారములు వ్యయమగుచున్నవనియు, ఆ మూడు వారములలో ఏ సభ్యుని దరఖాస్తునకును జవాబు పోవుట లేదనియు కూడ చెప్పవలసియున్నది.

సాఫ్ట్‌వేరు ఈ శ్రమను తీసివేయును. ఒకసారి రశీదు వ్రాసినచో ఆ మొత్తము చిట్టాలోను, ఆవర్జాలోను, సభ్యుని ఖాతాలోను తానే చేరును. ఎత్తివ్రాతయే లేనపుడు ఎత్తివ్రాతలోని తప్పును లేదు. జమాఖర్చుల రెండు పక్షములు సరిపోనిదే అట్టి లెక్కల సాఫ్ట్‌వేరు పద్దును పుచ్చుకొనదు. ఈ జంట పద్దుల పద్ధతిని ఇటలీ దేశపు గణితవేత్త లూకా పచోలీ 1494లో అచ్చుపుస్తకమున వివరించినాడు. అయిదు శతాబ్దులు గుమాస్తా మనస్సాక్షికి వదలివేయబడిన నియమము ఇపుడు యంత్రముననే ఇమిడియున్నది.

కార్యాలయపు నిత్యకృత్యమునకు కంప్యూటరును మొట్టమొదట పూన్చినవారు విద్యాపీఠముల పండితులు కారు, టీ దుకాణముల వారు. బ్రిటనులో జె. లయన్స్ అను కంపెనీ కేకులు, రొట్టెలు, టీ అమ్ముచుండెడిది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున నిర్మింపబడిన యంత్రమును మాదిరిగా గొని, ‘లియో’ అను పేర తమ సొంత కంప్యూటరును వారు కట్టించుకొనిరి. 1951 నవంబరులో అది రొట్టెల తయారీ విలువలు లెక్కించుట మొదలిడినది. పిమ్మట జీతముల లెక్కయు దానికి అప్పగింపబడినది. అనుభవశాలియైన గుమాస్తాకు ఒక పనివాని జీతము కట్టుటకు ఎనిమిది నిమిషములు పట్టుచుండగా, లియోకు ఒకటిన్నర సెకండు పట్టినది. ఈ అంకెను అందరును చెప్పుకొందురు. అంతగా చెప్పుకొననిది మరియొకటి యున్నది. ఆ కంపెనీవారు యంత్రమునకు చాల ముందే, 1930 ప్రాంతములనుండి, తమ కార్యాలయమందలి ప్రతి కాగితమును, ప్రతి గడిని పరిశీలించి, ఇది యెందులకు, దీనిని ఎవరు చదువుచున్నారు అని ప్రశ్నించుటకై ప్రత్యేకముగా ఒక శాఖను నెలకొల్పిరి. ముందు పనిని చక్కజేసికొని పిమ్మట యంత్రమునకు అప్పగించిరి. చక్కజేయని పనిని అప్పగించినచో ఆ చెడుగే వేగముగా జరుగును.

మన సంఘమున చక్కజేసికొనవలసిన పని యేది? లెక్కలు కావు. పేర్లు.

మూడేండ్ల క్రిందట మన సంక్షేమనిధి సభ్యులొకరు కాలధర్మము చెందిరి. వారి భార్యకు నిధినుండి చెల్లింపవలసిన సొమ్మునకు చెక్కు వ్రాసి పంపితిమి. ఆమె పుట్టినిల్లు చెన్నపట్టణము, మెట్టినిల్లు మహారాష్ట్రము. ఆమె పేరిలోని తకారమునకు మన పట్టికలో ఆంగ్లమున ‘టి’ ప్రక్కన ‘హెచ్’ అక్షరమున్నది. బ్యాంకు పుస్తకములో లేదు. బ్యాంకువారు చెక్కును త్రిప్పి పంపిరి. మరల వ్రాసి పంపితిమి. ఈసారి ఆధారు కార్డును చూచి వ్రాసితిమి, అందు మూడవ విధముగా నున్నది. ఇట్లు పదునొకండు మాసములు గడచినవి. ఆమె ఆ కాలమున నాలుగు పర్యాయములు రైలెక్కి మన కార్యాలయమునకు వచ్చిరి. నాలుగవసారి వరండా బల్లమీద కూర్చుండి, “అయ్యా, ఇంతమంది నా పేరు రాశారు. అదేమిటో నన్నొక్కరూ అడగలేదు” అని అనిరి. ఆ తప్పు యంత్రముది కాదు. అప్పటికి మనకు యంత్రమే లేదు. చేతివ్రాత పుస్తకమును నిర్దుష్టమని కొనియాడు మిత్రులు ఈ సంగతిని మనసున నుంచుకొందురు గాక.

మనవంటి భాషాల్పసంఖ్యాకుల పేర్లు సామాన్యముగా మూడు లిపులలో సంచరించును: ఇంట తెలుగు, కచేరీలో రాష్ట్రభాష, బ్యాంకులో ఆంగ్లము. ఒక లిపినుండి వేరొక లిపికి పోవునపుడు ఏదియో యొకటి జారిపడును. తమిళలిపిలో క, ఖ, గ, ఘలకు అక్షరమొక్కటే. ప, బ, భలకును ఒక్కటే. తమిళులు సందర్భమునుబట్టి పలుకుదురు గనుక వారికి చిక్కులేదు. కాని మన భాస్కరుని పేరు తమిళమున వ్రాయబడి, ఆ కాగితమును మాత్రమే చూచిన వేరొక గుమాస్తాచే ఆంగ్లములోనికి ఎక్కింపబడునపుడు అతడు పాస్కరుడు కాగలడు, గంగాధరుడు కంగాదరుడు కాగలడు. ఒడియాలో మన వకారపు పలుకు సహజముగా లేనందున బరంపురము వైపు వెంకటస్వాములు తరచుగా భకారముతో లిఖింపబడుచున్నారు. మరాఠీ వ్రాయు నాగరిలిపిలో హ్రస్వములైన ఎకార ఒకారములు వాడుకలో లేవు; అచట చెన్నయ్యకును కొమరయ్యకును దీర్ఘములు వచ్చును. కన్నడలిపి మన లిపికి తోబుట్టువు గనుక కర్ణాటకమందలి మనవారికి ఈ బాధ తక్కువ. యానామున కచేరీలోను తెలుగున్నది. ఐనను ఫ్రెంచివారి కాలపు జననమరణ పుస్తకములలోని తాత పేరును మనుమని ఆంగ్ల కాగితముతో పోల్చి వారసత్వము చూపవలసి వచ్చినపుడు ఆ కష్టము వారికిని తెలియును.

ఇక ఇంటిపేరు సంగతి. సాఫ్ట్‌వేరు పత్రములలో ‘మొదటి పేరు’, ‘కడపటి పేరు’ అని గడులుండును. పాశ్చాత్యులకు ఇంటిపేరు కడపట వచ్చును, మనకు మొదట వచ్చును. ‘మొదటి పేరు’ అని అడిగినపుడు మన పెద్దలొకరు ఇంటిపేరు చెప్పినచో అది వారి తప్పనలేము. తమిళనాట ఇంటిపేరును వ్రాయు ఆచారము సన్నగిల్లి, తండ్రి పేరి పొడియక్షరమును ముందుంచు ఆచారము ప్రబలినది. మనవారిలో కొందరు ఆ పొడియక్షరమును తండ్రిపేరునకును, కొందరు ఇంటిపేరునకును వాడుచున్నారు. పొడియక్షరమును విడదీసి పూర్తిగా వ్రాయుమని యంత్రము అడిగినపుడు ఒక కాగితమున ఒకటియు, మరియొక కాగితమున మరియొకటియు విడివడును. పిమ్మట ఆ యిరువురును ఒక్కరేయని నిరూపించుకొను భారము ఆ మనిషిమీద పడును.

తెలుగున వ్రాసికొన్న చాలును గదా యని కొందరు. తెలుగున వ్రాయవలసినదే, కాని అందును ‘వేంకట’ అనువారు కొందరు, ‘వెంకట’ అనువారు కొందరు. చదువరికి ఇరువురు ఒక్కటే. యంత్రమునకు ఇరువురు వేరు. ఇరువది యేండ్ల క్రిందట మన సభ్యుల పట్టిక నొకదానిని తెలుగున టైపు చేయించి భద్రపరచితిమి. అప్పటి టైపు అక్షరములు కేవలము అచ్చుకొరకు కూర్పబడిన ఆకృతులు. ఆ అక్షరములు లేని నేటి యంత్రమున ఆ పట్టికను తెరచినచో పిచ్చిగీతలు తప్ప మరేమియు కనబడదు. యూనికోడు అను సర్వసమ్మతమైన క్రమమున మన అక్షరములకు 1991లోని తొలి ప్రకటననుండియు స్థానమున్నది. ఆ క్రమమును వాడనందున మేము పోగొట్టుకొన్న పట్టికను మరల మొదటినుండి వ్రాయింపవలసి వచ్చినది.

ఎత్తివ్రాత పోయినచో తప్పులు పోవునంటిమి. దానికి మారుపక్షము కూడ చెప్పవలెను. నాలుగు మారులు ఎత్తివ్రాయునపుడు తప్పునకు నాలుగు చోట్లున్నట్లే, దిద్దుబాటునకును నాలుగు చోట్లుండెను. సభ్యుని ముఖమెరిగిన గుమాస్తా చిట్టాలోని పేరును చూచి, “ఈయన పాస్కరుడేమిటి, మన భాస్కరుడు గదా” యని ఆవర్జాలో దిద్దివ్రాయుచుండెను. యంత్రమున పేరు ఒకేసారి ఎక్కును. అది ఒప్పైన అంతట ఒప్పు, తప్పైన అంతట తప్పు. కావున ఆ ఒక్కసారి ఎక్కించువాడెవడు, ఏ కాగితమును చూచి ఎక్కించును, ఎక్కించినదానిని ఎవరికి చూపును అనునవియే ప్రశ్నలు. ఏ కంపెనీ సాఫ్ట్‌వేరు కొనవలెను, ఎంత వెలకు కొనవలెను అనునవి పిమ్మటివి. కార్యవర్గ సమావేశమున రెండు గంటలు వెల గూర్చియే చర్చ జరిగినదని వినియున్నాము.

పేరి గడి వంటిదే మాతృభాష గడి. దేశమందలి పాఠశాలల వివరములు నేడు ‘యుడైస్ ప్లస్’ అను ప్రభుత్వ వ్యవస్థలో విద్యార్థివారీగా ఎక్కింపబడుచున్నవి. అందు విద్యార్థి మాతృభాషకొక గడి యున్నది. పని తొందరలో తరగతి యంతటికిని రాష్ట్రభాషనే నింపివేసినచో అడుగువారు లేరు. అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికవిద్య మాతృభాషలో నేర్పు వసతులు కల్పింపవలెనని 1956లో చేర్పబడిన రాజ్యాంగపు 350-ఏ అధికరణము చెప్పుచున్నది. కాని పిల్లలున్నారని లెక్కలో కనబడనపుడు వసతి యెవరికని అధికారి అడుగును. 2011 జనగణనలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షల 34 వేలు, కర్ణాటకమున 35 లక్షల 69 వేలు. ఆ పిమ్మటి జనగణనకు 2025 జూన్ 16వ తేది ప్రకటన వెలువడినది. 2027 మార్చి 1వ తేది దానికి ఆధారదినము, వివరముల సేకరణ సెల్‌ఫోను అనువర్తనము ద్వారా. గణకుని వ్రేలు తెరమీద ఎచట తగిలినదో మనము చూడనిచో ఆ పిమ్మట చూచువారెవరును ఉండరు. మన ఇంటి వాకిట నిలుచుండి అడుగు ఆ ఉద్యోగిని తొందరపెట్టక, ఆ గడి నింపిన తరువాత ఒకసారి చూపుమని మర్యాదగా కోరవలెను.

యంత్రము చెప్పినది నిజమే యగునని నమ్మినచో ఎట్టి అనర్థము సంభవించునో తెలిసికొనుటకు మరల బ్రిటనుకే పోవలెను. లియోను కట్టిన కంపెనీ పలు విలీనముల పిమ్మట ఐ.సి.ఎల్. అను పెద్దసంస్థలో కలిసినది; దానిని జపానుదేశపు ఫుజిట్సు తన వశము చేసికొన్నది. ఆ టీ దుకాణపు యంత్రవంశముననే ‘హొరైజన్’ అను తపాలాకచేరీల లెక్కల వ్యవస్థ జనించినది. 1999 మొదలుకొని బ్రిటను తపాలా శాఖలన్నిటను దానిని నెలకొల్పిరి. ఆ శాఖలను నడుపువారు చాలవరకు చిన్న దుకాణదారులు. లెక్కలో లోటు వచ్చినచో తామే పూరింతుమని ఒడంబడిక వ్రాసియిచ్చినవారు. హొరైజన్ రాగానే పలుచోట్ల తెరమీద లోటులు కనబడసాగినవి. సొమ్ము పెట్టెలో సరిగనే యున్నదని శాఖాధిపతి చెప్పును. లేదని యంత్రము చెప్పును. యంత్రమే గెలిచినది. కొందరు ఇండ్లు తాకట్టుపెట్టి లేని లోటును పూరించిరి. 1999 నుండి 2015 వరకు దొంగతనము, తప్పుడు లెక్కలు మొదలగు నేరములక్రింద 900 మందికి పైగా శిక్షింపబడిరి. భారతీయసంతతికి చెందిన మహిళ యొకరు గర్భవతిగా నుండగనే 2010లో కారాగారమునకు పంపబడిరి.

లోటు ఎట్లు పుట్టుచుండెనో తరువాత బయటపడినది. దాల్‌మెల్లింగ్టన్ అను స్కాట్లండు గ్రామపు శాఖలో 2015లో 8,000 పౌనులు అందినట్లు మీట నొక్కగా తెర స్తంభించినది. పని కాలేదనుకొని మరల మరల నొక్కిరి. యంత్రము లోలోపల నాలుగు మారులు పుచ్చుకొని 32,000 వ్రాసికొన్నది. చేతిలోనున్నవి 8,000, కనుక 24,000 లోటు! ఇట్టి దోషములు మరికొన్ని యుండినవి. అంతకన్న ఘోరమైనదేమనగా, శాఖ లెక్కలను శాఖాధిపతి యెరుగకుండ దూరమునుండి కంపెనీవారు మార్చగలిగియుండిరి. అట్టి వీలే లేదని తపాలా సంస్థ చిరకాలము చెప్పుచుండెను. అలన్ బేట్స్ అను మాజీ శాఖాధిపతి నాయకత్వమున 555 మంది వేసిన దావాలో 2019 డిసెంబరున న్యాయస్థానము ఈ వాస్తవములను నిర్ధారించినది. 2021లో 39 మంది శిక్షలు ఒకే దినమున రద్దయినవి. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేసి మిగిలిన వందలకొలది శిక్షలను తుడిచివేసినది. అప్పటికి కొందరు జీవించిలేరు.

ఇందు సాఫ్ట్‌వేరు దోషము సగము మాత్రమే. దోషము లేని యంత్రము లేదు. మిగిలిన సగము చట్టముది, మనుష్యులది. కంప్యూటరు సాక్ష్యమును దాఖలు చేయువారు అది సరిగా పనిచేయుచుండెనని చూపవలెనన్న నిబంధనను ఆ దేశమువారు 1999 చట్టముతో తొలగించుకొనిరి. యంత్రము సరియేయని మొదటనే ఊహింపబడినది. కాదని చూపు భారము, దాని లోపలిభాగమును చూచు వీలులేని దుకాణదారునిమీద పడినది. మనదేశమున 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమపు 63వ సెక్షను ఎలక్ట్రానిక్ పద్దుతోపాటు ధ్రువపత్రము కావలెననుచున్నది. అది మంచిదే. కాని సంఘ కార్యాలయపు కిటికీ యొద్ద నిలుచున్న సభ్యునికి సెక్షనులు తోడురావు. “కంప్యూటరులో నీ చందా బకాయి కనబడుచున్నది” అని మనము అన్ననాడు, అతని చేతిలోని రశీదు ముక్కకు విలువ యుండునా లేదా? ఇది మన కార్యవర్గము తేల్చి చెప్పవలసిన మాట.

యంత్రము వచ్చిన ప్రతిచోట ఇట్లే జరుగునని మేమనుట లేదు. మన చెంతనే కర్ణాటక ప్రభుత్వము 2000 ప్రాంతమున ‘భూమి’ అను పథకమున సుమారు 2 కోట్ల పహణీలను కంప్యూటరులోనికి ఎక్కించినది. 67 లక్షల రైతులకు సంబంధించిన కాగితములవి. అంతకుపూర్వము ఆ పుస్తకములు వేలకొలది గ్రామలెక్కిగుల చేతులలో నుండెడివి. నకలు కావలసిన రైతు వారి దయకొరకు వేచియుండవలసి వచ్చెడిది. తాలూకా కచేరీలో 15 రూపాయలు చెల్లించి నకలు పుచ్చుకొను పద్ధతి వచ్చిన పిమ్మట ఆ నిరీక్షణ తగ్గినది. కోలారు, బళ్లారి జిల్లాల మన రైతులును దీనివలన మేలు పొందినవారే. అందు మాకు నచ్చిన విషయములు రెండు. పట్టా మార్పుకొరకు వచ్చిన దరఖాస్తులు వచ్చిన వరుసలోనే తీసికొనబడునట్లు యంత్రమే కట్టడిచేసినది. వెనుకవానిని ముందునకు జరుపు వీలు తగ్గినది. పద్దు మార్చు ఉద్యోగి తన వ్రేలిముద్ర వేసిన గాని లోనికి పోలేడు. మార్పు చేసినదెవరో దాగదు. పాత పుస్తకములోని తప్పు యంత్రములోనికి దిగినచోట్ల మాత్రము రైతు కచేరీ చుట్టు తిరుగక తప్పలేదు. పేర్ల గూర్చి మేము పైన చెప్పినదే అచట భూముల విషయమున జరిగినది.

కావున కార్యవర్గమువారికి మా మనవి. తీర్మానమును అమలుపరచుడు, వెనుకంజ వేయవలదు. కాని మొదటి సంవత్సరము చేతివ్రాత ఆవర్జాను కూడ నడపుడు. రెట్టింపు పని యని కోశాధికారిగారు విసుగుకొందురని యెరుగుదుము. ఆ విసుగు పండ్రెండు మాసములదే. నెలాఖరున రెండు లెక్కలను సరిచూచి, తేడా వచ్చినచో యంత్రము సరియని ముందే అనుకొనకుడు. ఒకసారి వ్రాసిన పద్దును చెరిపివేయు అధికారము ఎవరికిని ఉండరాదు, అధ్యక్షులకును ఉండరాదు. తప్పు పడినచో దానికి ఎదురు పద్దు వ్రాసి, కారణమును, వ్రాసినవారి పేరును చూపవలెను. పాత గుమాస్తాలు ఎర్రసిరాతో చేసినది ఇదియే. సభ్యుని చేతి రశీదునకును యంత్రమునకును భేదము వచ్చినపుడు, విచారణ ముగియు వరకు రశీదునే ప్రమాణముగ గైకొనవలెను. వారమునకొకసారి పద్దులన్నిటికి నకలుతీసి కార్యాలయమున గాక వేరొకచోట భద్రపరుపవలెను. ఆ నకలును అప్పుడప్పుడు తెరచి చదువవలెను కూడ, లేనిచో మన పాత పట్టిక గతియే దానికిని పట్టును.

మన లెక్కల గుమాస్తాగారి మాట కూడ చెప్పవలెను. యంత్రము వచ్చిన పిమ్మట వారి యవసరము లేదని సభ్యులొకరు వ్రాసిన ఉత్తరమును మేము ప్రకటింపలేదు, ప్రకటింపము. పదునాలుగు గ్రామముల సభ్యుల ఇంటిపేర్లు, వారి తండ్రుల పేర్లు, ఎవరు ఎవరి అల్లుడో కంఠస్థముగా నెరిగినవారు వారొక్కరే. టైపు నేర్చిన కుర్రవానిని వారి ప్రక్కన కూర్చుండబెట్టి, వారు చదువుచుండగా ఇతడు ఎక్కింపవలెను. వారు కన్నడకము పెట్టుకొని తెరవైపు అనుమానముగా చూచుచుందురు. ఆ అనుమానము మనకు కావలసినదే.

ఈ సంచికతో ప్రతి సభ్యునికి ఒక పత్రమును జతపరచితిమి. అందు తమ పేరును మూడు విధముల వ్రాయవలెను: తెలుగులో తాము వ్రాసికొనునట్లు, తాము నివసించు రాష్ట్రపు లిపిలో, తమ బ్యాంకు పుస్తకముననున్న ఆంగ్లాక్షరములలో. ఇంటిపేరునకు వేరుగా గడి యున్నది. పొడియక్షరము దేనికి గుర్తో వ్రాయుటకును చోటున్నది. సంక్షేమనిధి సభ్యులు తమ వారసుల పేర్లను గూడ ఇట్లే వ్రాయవలెను. పత్రములు మార్చి 15వ తేదిలోగా కార్యాలయమునకు చేరవలెను. ఎక్కించిన పిమ్మట యంత్రమునుండి అచ్చుతీసిన చీటి ప్రతి సభ్యునికి వచ్చును. అందు తప్పున్నచో దిద్ది త్రిప్పిపంపుటకు తపాలా ఖర్చు సంఘమే భరించును. వ్రాయలేని వృద్ధుల పక్షమున ఇంటి పిల్లలు వ్రాయవచ్చును. కాని పాత కాగితములను చూచి గాక, పేరు వారి నోట విని వ్రాయవలెను.